పడుతూనే కాపాడటం కుదురుతుందా? కొలంబియా నదిలో ఏరి పట్టే వేట గురించి

ముందుగా మీ ప్రశ్న, మిగతావాళ్లకి కూడా అర్థమయ్యేలా. అమెరికాలో పోర్ట్‌లాండ్ నుంచి కొలంబియా నది వెంట వెళ్తూ, బోనవిల్ డ్యామ్ దాటాక ఆదివాసీ మత్స్యకారులు సాల్మన్ అమ్ముతుంటే చూశారు. అంతకుముందే డ్యామ్ దగ్గర, ఈ నదిలో కొన్ని రకాల సాల్మన్ అంతరించిపోయే దశలో ఉన్నాయని చదివారు. తర్వాత ఇంకెక్కడో కొన్ని తెగలు ఏరి పట్టే పద్ధతికి మారి చేపని కాపాడుతున్నాయని కనిపించింది. పట్టడమేంటి, కాపాడటమేంటి, నీళ్లలో ఉన్న చేప ఏ రకమో ఎలా తెలుస్తుంది, మన గోదావరి పులసకి ఇది పనికొస్తుందా అని అడిగారు.

సూటిగా జవాబు: కుదురుతుంది. చేప ప్రాణంతో ఉండగానే ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తేల్చగలగాలి. వదిలిన చేప నిజంగా బతికి, పైకి వెళ్లి గుడ్లు పెట్టాలి. ఈ రెండూ జరిగితే పట్టడం, కాపాడటం ఒకే పడవ మీద జరుగుతాయి. రెండింట్లో ఏది తప్పినా అది పేరుకే ఏరి పట్టడం. పులస విషయంలో మాత్రం ఈ పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టలేం. ఎందుకో చివర్లో చెప్తాను.

నా సంగతి రెండు ముక్కల్లో: ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో చదివాను. ఇప్పుడు వాషింగ్టన్ రాష్ట్రంలో సాల్మన్ లెక్కల పని చేస్తున్నాను. ఎగువ కొలంబియాలో కాల్విల్ తెగల సిబ్బందితో కలిసి పడవ మీద పనిచేసే అవకాశం కొన్ని సీజన్ల పాటు దొరికింది. నేను ఆ తెగల మనిషిని కాదు, వాళ్ల తరఫున మాట్లాడటం లేదు. నా పనిలో చూసిన దాన్ని బట్టి చెప్తున్నాను.

మొదట ఒక సవరణ. మీరు రోడ్డు పక్కన చూసినవాళ్లూ, మీరు చదివిన తెగా బహుశా వేరు వేరు. బోనవిల్ డ్యామ్ నుంచి మెక్‌నరీ డ్యామ్ దాకా ఉన్న నదిలో అమ్మకానికి చేపలు పట్టే హక్కు యాకమా, ఉమటిల్లా, వార్మ్ స్ప్రింగ్స్, నెజ్ పెర్స్ అనే నాలుగు తెగలది. 1855లో అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందాల వల్ల వాళ్లకి ఆ హక్కు నిలిచింది. వాళ్లు ఎక్కువగా వాడేది మొప్పల్లో తగులుకునే మామూలు వల, దాంతో పాటు నది మీద కట్టిన చెక్క మంచెల నుంచి దించే చేతి వల. ఏరి పట్టే పద్ధతికి పేరు తెచ్చుకున్నది కాల్విల్ తెగలు. వాళ్లుండేది చాలా ఎగువన, సముద్రం నుంచి దాదాపు 860 కిలోమీటర్లు, తొమ్మిది డ్యాములు దాటాక. ఈ తేడా ఎందుకు ముఖ్యమో తర్వాత మళ్లీ వస్తాను.

కాల్విల్ వాళ్లు ఈ దారి ఎందుకు పట్టారో తెలియాలంటే వాళ్లు ఏం పోగొట్టుకున్నారో తెలియాలి. 1872లో ఏర్పడిన ఆ రిజర్వేషన్‌లో, అంటే ఆదివాసీలకి కేటాయించిన ప్రాంతంలో, పన్నెండు తెగలు కలిసి ఉంటాయి. ఎగువన కెటిల్ ఫాల్స్ అనే జలపాతం ఉండేది. సాల్మన్ వచ్చే కాలంలో చుట్టుపక్కల తెగలన్నీ అక్కడికి చేరేవి. వేట ఎప్పుడు మొదలుపెట్టాలి, పట్టిన చేప ఎవరికెంత పంచాలి అని నిర్ణయించడానికి ఒక 'సాల్మన్ పెద్ద' ఉండేవాడు. జలపాతం ఎగరబోయి వెనక్కి పడిన చేపలు కింద వేలాడదీసిన పెద్ద బుట్టల్లో పడేవి. ఎగిరి దాటగలిగిన చేప దాటిపోయేది. చేప మీద బతికేవాళ్లే చేపని దాటనిచ్చే ఏర్పాటు చేసుకున్నారన్నమాట.

1933లో గ్రాండ్ కూలీ డ్యామ్ పని మొదలైంది, 1942కల్లా పూర్తయింది. చేపలు ఎక్కడానికి దానికి నిచ్చెన పెట్టలేదు. పైన ఉన్న వెయ్యి మైళ్లకి పైగా నదులు, ఉపనదులు సాల్మన్‌కి శాశ్వతంగా మూసుకుపోయాయి. కెటిల్ ఫాల్స్ నీళ్లలో మునిగిపోతుందని తెలిసి, 1940 జూన్‌లో తెగలన్నీ అక్కడ చేరి దుఃఖ సభ జరుపుకున్నాయి. తర్వాత 1950ల్లో ఇంకా దిగువన చీఫ్ జోసెఫ్ డ్యామ్ వచ్చింది. దానికీ నిచ్చెన లేదు. దాంతో సాల్మన్ ప్రయాణం అక్కడితో ఆగిపోయింది. కొలంబియా మొత్తానికి ఒకప్పుడు ఏటా కోటి నుంచి కోటీ అరవై లక్షల దాకా సాల్మన్, వాటి దగ్గరి బంధువైన స్టీల్‌హెడ్ చేపలు వచ్చేవని అంచనా. ఇప్పుడు వచ్చేది అందులో చిన్న భాగం, అందులోనూ ఎక్కువ హ్యాచరీల్లో, అంటే చేప పిల్లల్ని పెంచి నదిలో వదిలే కేంద్రాల్లో, పుట్టినవే.

ఎగువ కొలంబియా స్టీల్‌హెడ్‌ని 1997లో, వసంతకాలంలో వచ్చే చినూక్ అనే రకం సాల్మన్‌ని 1999లో అంతరించే దశలో ఉన్న చేపలుగా ప్రకటించారు. స్టీల్‌హెడ్‌ని తర్వాత ఒక మెట్టు దించి 'ముప్పులో ఉన్న' జాబితాలో పెట్టారు, వసంత చినూక్ మాత్రం ఇంకా అదే స్థితిలో ఉంది. ఇక్కడ చాలామంది గందరగోళపడేది ఒకటుంది. ఒకే నదిలో, ఒకే చినూక్ జాతిలో, వేసవిలో వచ్చే గుంపుకి ఆ ముప్పు లేదు. అంటే వేటగాడికి ఎదురయ్యేది కలగలిసిన గుంపు. పట్టదగ్గ చేప, అస్సలు ముట్టుకోకూడని చేప పక్కపక్కనే ఈదుతుంటాయి. చిక్కంతా ఇక్కడే.

చేప ఏదో ఎలా తెలుస్తుంది? సాల్మన్ వెన్ను మీద పెద్ద రెక్కకీ తోకకీ మధ్య ఎముక లేని చిన్న కండ రెక్క ఒకటి ఉంటుంది. హ్యాచరీలో పిల్లలు వేలెడంత ఉన్నప్పుడే దాన్ని కత్తిరించేస్తారు. మళ్లీ మొలవదు. కాబట్టి సముద్రానికి వెళ్లి కొన్నేళ్లు తిరిగి ఏడెనిమిది కిలోల చేపగా వచ్చినా, ఆ రెక్క లేకపోతే అది హ్యాచరీ చేప, ఉంటే సాధారణంగా నదిలో పుట్టిన చేప. కొన్ని హ్యాచరీ పిల్లలకి కావాలనే రెక్క కత్తిరించకుండా, ముక్కు దగ్గర మిల్లీమీటరు పొడవున్న లోహపు తీగ ముక్క ఎక్కిస్తారు. దాన్ని కంటితో చూడలేం, పరికరం దగ్గర పెడితే కూత వేస్తుంది. అలవాటైన మనిషికి రెక్క చూడటానికి క్షణం చాలు. ఆ క్షణం దాకా చేప ప్రాణాలతో, అదీ బలంగా ఉండాలి కదా! అందుకే అసలు ప్రశ్న వల గురించి.

మామూలు వలలో చేప తల దూర్చుతుంది, వల కన్ను మొప్పల వెనక బిగుసుకుంటుంది. మొప్పలు ఆడవు. వల తీసేసరికి చాలా చేపలు ఊపిరాడక చచ్చిపోయి ఉంటాయి, బతికున్నవి కూడా మొప్పలు చీలి ఉంటాయి. అలాంటి వల వేసి 'వదిలేశాం' అంటే చచ్చిన చేపని నీళ్లలో పడేశాం అని అర్థం.

కాల్విల్ వాళ్లు 2000ల చివర్లో ఒకదాని తర్వాత ఒకటి రకరకాల వలలు పరీక్షించారు. కన్ను బాగా చిన్నదిగా ఉండే వల ఒకటి ఉంది. అందులో చేప తల దూరదు, పళ్లూ మూతీ మాత్రమే చిక్కుకుంటాయి, మొప్పలు ఆడుతూనే ఉంటాయి. అయితే దాన్ని కొద్ది నిమిషాల్లో పైకి తీసేయాలి, లేకపోతే పెనుగులాడి అలిసిపోతుంది. ఒడ్డు నుంచి లాగే అలివి వల లాంటిది వాడారు. నదికి అడ్డంగా దడి కట్టి చేపల్ని ఒక గదిలోకి మళ్లించడం కూడా చూశారు. చివరికి వాళ్ల వేటకి గట్టి ఆధారంగా నిలిచింది మనవాళ్లు రింగు వల అంటారే, ఆ కోవకి చెందిన వల.

విశాఖ తీరంలో రింగు వలల మీద జరిగిన గొడవలు తెలిసినవాళ్లకి ఇది వింతగా ఉంటుందని నాకు తెలుసు. అక్కడ రింగు వల అంటే ఊరి చేపంతా ఊడ్చేసే వల. ఇక్కడ అదే రకం వల చేపని బతికించే పనిముట్టు అయింది. మంచైనా చెడైనా అది వల గుణం కాదు. ఎంత చేపని చుట్టారు, చుట్టిన చేపని పైకి ఎత్తారా నీళ్లలోనే ఉంచారా, ఎంత సేపట్లో వదిలారు అన్నదే తేడా తెస్తుంది.

వేట జరిగే చోటు కూడా కలిసొచ్చింది. బ్రూస్టర్ అనే ఊరి దగ్గర ఓకనోగన్ నది కొలంబియాలో కలుస్తుంది. జూలై, ఆగస్టు నెలల్లో ఓకనోగన్ నీళ్లు వేడెక్కిపోతాయి. 22, 23 డిగ్రీలు దాటితే సాల్మన్ అందులోకి వెళ్లదు. చల్లగా ఉండే కొలంబియా నీళ్లలోనే నదీముఖం దగ్గర గుంపుగా ఆగి, చల్లబడే రోజు కోసం ఎదురుచూస్తుంది. అలా ఆగిన గుంపు చుట్టూ వల వేస్తారు.

పని ఎలా సాగుతుందంటే, తెల్లవారుతూనే పడవ బయల్దేరుతుంది, ఎందుకంటే పొద్దెక్కే కొద్దీ పైనీళ్లు వేడెక్కుతాయి. చిన్న పడవ వల ఒక కొసని పట్టుకుని ఉంటుంది, పెద్ద పడవ గుండ్రంగా తిరిగి వస్తుంది. కింది తాడు బిగించగానే వల అడుగు మూసుకుంటుంది. వలని పడవ పక్కకి దగ్గరగా లాగుతారు. కానీ చేపల్ని మూటగా పైకి ఎత్తరు. నీళ్లలోనే ఈదుతూ ఉండేంత జాగా వదులుతారు. ముడులు లేని మెత్తని చేతి వలతో ఒక్కొక్క చేపని తీస్తారు, ఎందుకంటే ముడులున్న వల చేప మీది జిగురు పొరని గీరేస్తుంది, జిగురు పోయిన చోట బూజు పడుతుంది. రెక్క ఉందా లేదా ఒకరు చెప్తారు. రెక్క లేని చినూక్ ఐసులోకి, సాకై సాల్మన్ ఐసులోకి. రెక్క ఉన్న చినూక్ అవతలి వైపు నుంచి నదిలోకి. స్టీల్‌హెడ్ కనిపిస్తే మారు మాట లేకుండా నదిలోకి. లెక్క రాసే మనిషికి అరుస్తూ చెప్తుంటారు. చేప చేతిలో ఉండేది కొద్ది సెకన్లే. చేతులు తడిగా ఉండాలి, తోక దగ్గర ఒక చెయ్యి, పొట్ట కింద ఒక చెయ్యి. మొప్పల్లో వేలు పెట్టి ఎత్తితే పక్కనున్న పెద్దాయన ఊరుకోడు.

బాగా అలిసిన చేపకి పడవ మీద ఒక పెట్టె ఉంటుంది. చేప తల ఉండే వైపు నుంచి నది నీళ్లు ధారగా వస్తాయి, మొప్పల మీదుగా పారుతాయి. మొదట పక్కకి ఒరిగిన చేప కాసేపటికి నిటారుగా నిలబడుతుంది, తోక కొట్టడం మొదలుపెడుతుంది. అప్పుడు వదులుతారు.

ఇప్పుడు డబ్బుల లెక్క లాంటి లెక్క ఒకటి చెప్తాను. చాలామందికి ఏరి పట్టడం త్యాగంలా కనిపిస్తుంది, అది త్యాగం కాదు. చట్టం ప్రకారం ముప్పులో ఉన్న చేపల గుంపుకి ఏటా ఒక హద్దు పెడతారు. వేట వల్ల వాటిలో ఇంతకంటే ఎక్కువ చావకూడదు అని. హద్దు చేరగానే వేట ఆగిపోతుంది, నదిలో పట్టదగ్గ చేప ఎంత మిగిలి ఉన్నా సరే. ఊహకి ఒక అంకె తీసుకుందాం. హద్దు 20 చేపలు. వలలో పడి, వదిలిన ప్రతి వందలో 40 చచ్చేటట్టయితే, ముప్పు చేపలు 50 వలలో పడగానే హద్దు అయిపోయింది, ఇంటికెళ్లాలి. అదే వందలో 5 మాత్రమే చచ్చే పద్ధతి అయితే 400 ముప్పు చేపలు వలలో పడేదాకా వేట సాగుతుంది. వాటితో పాటు పడే హ్యాచరీ చేపలన్నీ ఇంటికి వస్తాయి. వదిలిన చేప బతికితే వేట రోజులు పెరుగుతాయి. జాగ్రత్తగా వదిలేవాడికే ఎక్కువ చేప దక్కుతుంది. ఈ లెక్క లేని చోట, కేవలం 'దయచేసి వదలండి' అని చెప్పిన చోట, ఏరి పట్టడం ఎక్కువ కాలం నిలవడం నేను చూడలేదు.

అలా వచ్చిన చేప అమ్మకానికి కాదు, ముందుగా తెగ జనానికి. నెస్పెలెం, ఓమాక్, కెల్లర్, ఇంచెలియం అనే నాలుగు ప్రాంతాలకి వెళ్తుంది, పెద్దవాళ్లకీ పండగలకీ పక్కన పెడతారు. ఒక తరం మొత్తం సాల్మన్ సరిగ్గా తినకుండానే పెరిగిన ఇళ్లకి ఇది ఎంత పెద్ద విషయమో బయటివాళ్లు అంచనా వేయలేరు.

ఇంకో లాభం దీనికంటే లోతైనది. హ్యాచరీ చేపని నది నుంచి తీసేయడమే ఒక కాపాడటం. తరాల తరబడి తొట్టెల్లో పెరిగిన చేపలు తొట్టెకి అలవాటుపడతాయి. అవి నదిలోని చేపలతో కలిసి గుడ్లు పెడితే పుట్టే పిల్లలు నదిలో అంత బాగా బతకవు. గుడ్లు పెట్టే చోట హ్యాచరీ చేపల వాటా పెరిగే కొద్దీ నది చేప బలం తగ్గుతూ పోతుంది. కాబట్టి రెక్క లేని చేపని పట్టి తినడం వల్ల రెక్క ఉన్న చేపకి చోటు మిగులుతుంది.

అదే పడవ మూడో పని కూడా చేస్తుంది. 2013లో కాల్విల్ వాళ్లు నడిపే చీఫ్ జోసెఫ్ హ్యాచరీ మొదలైంది. ఏటా 29 లక్షల చినూక్ పిల్లల దాకా పెంచే సామర్థ్యం దానిది. దానికి కావాల్సిన తల్లి చేపల్లో కొన్ని నదిలో పుట్టినవే కావాలి, లేకపోతే పైన చెప్పిన బలహీనత హ్యాచరీలోనే మొదలవుతుంది. ఆ తల్లి చేపల్ని ప్రాణంతో పట్టి, నీళ్ల ట్యాంకు ఉన్న లారీలో తీసుకెళ్లాలి. చంపే వలతో ఆ పని అయ్యేది కాదు.

ఇక అన్ని తెగలూ దీన్ని ఒప్పుకోవు, ఇది తప్పక చెప్పాలి. మొదట్లో చెప్పిన నాలుగు ఒప్పంద తెగల వాదన వేరు. హ్యాచరీలు కట్టింది డ్యాములు మింగేసిన చేపకి బదులుగా, అలాంటప్పుడు ఆ చేప నదికి తిరిగి వెళ్లి గుడ్లు పెట్టి నదిని నింపాలి, రెక్క కత్తిరించి 'ఇది నకిలీ చేప' అన్నట్టు పక్కకి పెట్టడం ఏంటి అంటారు. 1855 ఒప్పందంలో చేప ఎక్కడ పుట్టిందో చూసి పట్టమని రాయలేదు అంటారు. వాళ్ల చేతిలో ఉదాహరణ కూడా ఉంది. కొలంబియా ఉపనది స్నేక్‌లో, నదిలో పుట్టిన శరదృతువు చినూక్ 1990లో లోయర్ గ్రానైట్ డ్యామ్ దాటినవి 78 మాత్రమే. నెజ్ పెర్స్ తదితరులు హ్యాచరీ పిల్లల్ని ఎగువన వదిలి గుడ్లు పెట్టనిచ్చాక ఆ గుంపు మళ్లీ వేలల్లోకి వచ్చింది.

నా ఉద్దేశం అడిగితే: చేప దాదాపు అడుగంటిన చోట ముందు ఎలాగోలా గుంపుని నిలబెట్టాలి, అక్కడ నెజ్ పెర్స్ దారి సరైనది. నది చేప ఇంకా తన కాళ్ల మీద తాను నిలబడగల చోట, హ్యాచరీ చేప దాన్ని ముంచేయకుండా చూడాలి, అక్కడ కాల్విల్ దారి సరైనది. ఒకరిని చూపించి ఇంకొకరిని 'మీరెందుకు మారరు' అని నిలదీయడం మాత్రం అన్యాయం. సముద్రంలో, నదీముఖంలో, డ్యాముల్లో చేప ఎంతో చచ్చాక మిగిలినదే ఆదివాసీల దగ్గరికి వస్తుంది. ఆ చివరి మనిషి మీదే జాగ్రత్త భారమంతా పెట్టే అలవాటు ఈ నదికి చాలా పాతది.

ఈ పద్ధతికి హద్దులు కూడా ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది వేడి. చల్లని నీళ్లలో వదిలిన చేప తేరుకుంటుంది, వేడి నీళ్లలో వదిలిన చేప అప్పటికి బాగానే ఈదుకుంటూ పోయి రెండు రోజులకి చస్తుంది. అందుకే నీటి ఉష్ణోగ్రత చూసి వేట ఆపేసే రోజులు ఉండాలి, ఆపినప్పుడు ఎవరూ గొణగకూడదు. 2015 వేసవిలో నది వేడెక్కి కొలంబియాలో దాదాపు రెండున్నర లక్షల సాకై చచ్చిపోయాయి. వాటిలో చాలావాటిని ఏ వలా ముట్టుకోలేదు. డ్యాములు, వేడి, గుడ్లు పెట్టే వాగుల్లో నీటి కొరత, వీటిని వల సరిచేయలేదు. కాల్విల్ వాళ్లకి ఇది అందరికంటే బాగా తెలుసు. అందుకే 2019లో గ్రాండ్ కూలీ పైన సాల్మన్‌ని లారీల్లో తెచ్చి వదలడం మొదలుపెట్టారు. 2023లో కాల్విల్, స్పొకేన్, కోర్ డలేన్ తెగలకి ఆ పని కోసం ఇరవై ఏళ్లలో 20 కోట్ల డాలర్లు ఇచ్చేలా ఒప్పందం కుదిరింది.

రెండో హద్దు, లెక్కలో నిజాయితీ. పడవ పక్కన బతికి కనిపించిన చేపని బతికినట్టు రాయడం తేలిక. అది గుడ్లు పెట్టే చోటికి చేరిందా లేదా తెలియాలంటే గుర్తు బిళ్ల కట్టి పైన మళ్లీ వెతకాలి. ఆ పని లేకుండా 'మా వల చేపని చంపదు' అనే మాట ఎవరు చెప్పినా నేను నమ్మను.

ఇదంతా ఆదివాసీలకి కొత్త అనుకోకండి. కెనడాలో బ్రిటిష్ కొలంబియా తీరంలో తెగలు నదికి అడ్డంగా కర్రల దడి కట్టి, చేపల్ని గదిలోకి మళ్లించి, కావలసినవి తీసుకుని మిగతావి తలుపు తీసి వదిలేవారు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో డబ్బా చేపల కంపెనీలు నదీముఖాల్లో వలలతో దండిగా పట్టుకుంటూ, చేప తగ్గిపోవడానికి పైన ఉన్న దడులే కారణమని పట్టుబట్టాయి. ప్రభుత్వం దడుల్ని నిషేధించింది. బాబీన్ నది మీది దడుల కోసం జరిగిన గొడవ 1906లో ఒక రాజీతో ముగిసింది: దడులు తీసేయాలి, బదులుగా వలలు ఇస్తారు. అంటే ఏరి పట్టగలిగిన పనిముట్టు తీసుకుని, ఏరలేని పనిముట్టు చేతికిచ్చారు. అదే తీరంలో 2013లో హైల్ట్‌సుక్ తెగ కోయి నది మీద మళ్లీ దడి కట్టింది, సాకైని లెక్కపెట్టి గుర్తు కట్టి వదలడానికి. నాస్ నది మీద నిస్గా జాతి 1992 నుంచి చేపల చక్రాలు వాడుతోంది. ప్రవాహానికి తిరిగే చక్రానికి బుట్టలుంటాయి, చేపని ఎత్తి పక్కనున్న నీళ్ల తొట్టెలోకి జారుస్తాయి, అక్కడ తీరిగ్గా ఏరుకోవచ్చు. ఒకప్పుడు కొలంబియాలో కంపెనీలు ఇలాంటి చక్రాలతోనే చేపని టన్నుల కొద్దీ తోడేస్తే రాష్ట్రాలు నిషేధించాల్సి వచ్చింది.

మీరు చూసిన రోడ్డు పక్క సాల్మన్ కొనొచ్చా అంటే, నిస్సంకోచంగా కొనండి. ఆ వేట కూడా పైన చెప్పిన హద్దుల లోపలే, వేటకి అనుమతి ఉన్న రోజుల్లోనే జరుగుతుంది. ఎప్పుడు పట్టారో అడగండి, ఐసులో ఉందో లేదో చూడండి, మీరు కూడా ఐసు పెట్టె పట్టుకెళ్లండి.

ఇక పులస. సముద్రంలో పెరిగి గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదడంలో పులసా సాల్మనూ ఒకలాంటివే. కానీ మూడు తేడాలున్నాయి. ఒకటి, గోదావరిలో రెక్క కత్తిరించిన హ్యాచరీ పులస లేదు. ఏరడానికి రెండు రకాలు లేనప్పుడు ఏది ఉంచుకుంటాం, ఏది వదులుతాం? రెండు, పులస చాలా సుకుమారం. పొలుసులు ఇట్టే రాలిపోతాయి, వల నుంచి తీసేసరికే చాలావరకు ప్రాణం పోతుంది. ప్రాణంతో పట్టి ఎగువకి చేర్చడం అసాధ్యం కాదు. ఫరక్కా దగ్గర గంగలో శాస్త్రవేత్తలు చేస్తున్నారు. కానీ అది ప్రత్యేక ఏర్పాట్లతో చేసే పని, రోజువారీ వేటలో కుదిరేది కాదు. మూడు, పులస సాల్మన్‌లా ఎగరలేదు, కాబట్టి అడ్డుకట్ట దాన్ని ఇంకా గట్టిగా దెబ్బ తీస్తుంది. 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక దాని ఎగువన ఈ చేప ఎలా పడిపోయిందో అందరికీ తెలిసిందే. మన ధవళేశ్వరం దగ్గర 1852 నుంచి అడ్డు ఉంది.

కాబట్టి పులసని చేతిలో పట్టుకుని ఏరలేం, కాలంలోనూ వల కన్నులోనూ ఏరాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో ఉండే 61 రోజుల వేట నిషేధం సముద్రానికి మంచిదే, కానీ పులస గోదావరి ఎక్కేది వరద వచ్చాక, జూలై నుంచి సెప్టెంబరు మధ్య. గుడ్ల మీదున్న తల్లికి ఆ నిషేధం అందదు. బంగ్లాదేశ్‌లో ఇదే చేపకి అక్టోబరు ప్రాంతంలో 22 రోజులు పూర్తిగా ఆపుతారు, 25 సెంటీమీటర్ల లోపు పిల్లల వేటని నవంబరు నుంచి జూన్ దాకా ఆపుతారు, ఆ రోజులకి మత్స్యకారుల ఇళ్లకి బియ్యం ఇస్తారు. నేనైతే గోదావరిలో అక్కడి నుంచే మొదలుపెడతాను. ఎర్రనీళ్లు దిగిన ఏ వారంలో తల్లి చేప ఎక్కువగా వస్తుందో, తిరిగి దిగే పిల్ల ఏ నెలలో ఏ వలలో పడుతుందో యానాం, అంతర్వేది, లంక గ్రామాల వేటగాళ్లకి తెలుసు. ముందు వాళ్లతో కూర్చుని రెండు మూడు సీజన్లు ఆ లెక్క రాయాలి. ఆపే రోజులు ఏవో ఆ లెక్క చూసి వాళ్లే నిర్ణయించాలి, ఆ రోజుల కూలి ప్రభుత్వం కట్టాలి.

ఫిషరీస్ చదువుతున్న పిల్లలెవరైనా ఈ లెక్క పని మీద ఆసక్తి ఉంటే కింద రాయండి, డేటా పుస్తకం ఎలా గీసుకోవాలో, ఏ కొలతలు తప్పక రాయాలో చెప్తాను.